ఒకే కార్తీకం, రెండు మనసులు: భక్తి వెనుక ఉన్న ప్రేరణకూ మనశ్శాంతికీ సంబంధం ఏమిటి?

ప్రశ్న: గోదావరి_పంతులమ్మ

నమస్కారం. నేను రాజమహేంద్రవరం దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధిస్తున్నాను. బీఎడ్ చదివే రోజుల్లో మూర్తిమత్వ సిద్ధాంతాల పాఠంలో ప్రధాన, కేంద్ర, గౌణ లక్షణాంశాల కోసం అమెరికన్ మనోవిజ్ఞాన వేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ పేరు బట్టీ పట్టినవాళ్లలో నేనూ ఒకదాన్ని. ఆ ఆల్‌పోర్టే మతవిశ్వాసం వెనుక ఉండే ప్రేరణల గురించి కూడా ఎంతో పని చేశాడని ఈ మధ్యనే తెలిసింది. అప్పటి నుంచి మా ఇంట్లో ఏళ్ల తరబడి చూస్తున్న ఒక విషయం మనసులో మెదులుతూనే ఉంది.

మా నాన్నగారికి 71 ఏళ్లు, మా మేనత్తకు 76. ఇద్దరూ ఒకే తల్లి పిల్లలు, ఒకే ఇంట్లో ఉంటారు, ఒకే పంచాంగం చూస్తారు. కార్తీకమాసం వచ్చిందంటే తెల్లవారుజామునే లేచి కోటిలింగాల రేవులో స్నానం చేసి, దీపం పెట్టి, సోమవారాలు ఉపవాసం ఉంటారు. నెల పూర్తయ్యేసరికి మా అత్తయ్య ముఖంలో ఒక తేటదనం కనిపిస్తుంది. చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకుని, పరాయి ఇళ్లలో వంటలు చేసి ఇద్దరు పిల్లలను పెంచిన మనిషి ఆమె. కష్టం తెలియక ప్రశాంతంగా ఉందని ఎవరూ అనలేరు. నాన్నగారు మాత్రం నెల గడిచేకొద్దీ కుంగిపోతారు. కిందటేడు అరటిదొప్పలో వదిలిన దీపం నాలుగు బారలు కూడా సాగకముందే కొండెక్కితే ఆయన మూడు రాత్రులు నిద్రపోలేదు. సంకల్పంలో గోత్రం సరిగా పలికానో లేదో అన్న అనుమానంతో పూజను మళ్లీ మొదటి నుంచి ఆరంభిస్తారు. కొన్ని రోజులలో నాలుగుసార్లు కూడా.

దేవుడూ ఒక్కడే, ఆచారమూ ఒక్కటే అయినప్పుడు ఫలితం ఇంత వేరుగా ఎందుకుంది? ఇది భక్తి వెనుక ఉన్న ప్రేరణలోని తేడానా, లేక పుట్టుకతో వచ్చిన స్వభావంలోని తేడానా? అమెరికాలో చర్చికి వెళ్లేవారిని చూసి ఆల్‌పోర్ట్ తయారుచేసిన కొలమానం మన ఇళ్లకు వర్తిస్తుందా? పూజలు తగ్గించుకోమని నాన్నగారికి చెప్పాలని ఒకప్పుడు అనిపిస్తుంది, చెబితే ఆయనకున్న ఒక్క ఆసరానూ లాగేసినట్టవుతుందేమోనని మరొకప్పుడు భయం వేస్తుంది. తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం: మనోవిజ్ఞాన_బోధకుడు

పంతులమ్మ గారూ, డిగ్రీ కళాశాలలో ఇరవై ఏళ్లుగా మనోవిజ్ఞాన శాస్త్రం చెబుతున్నాను. మీరు చూసిన తేడాను ఈ రంగంలోని పరిశోధకులు కూడా ఎదుర్కొన్నారు. అయితే ఆల్‌పోర్ట్ దీనిని మనశ్శాంతి వైపు నుంచి మొదలుపెట్టలేదు, జాతి ద్వేషం వైపు నుంచి మొదలుపెట్టాడు. అమెరికాలో చర్చికి వెళ్లేవారిలో వెళ్లనివారికన్నా సగటున జాతి దురభిమానం ఎక్కువగా కనిపించింది. పొరుగువాడిని ప్రేమించమని చెప్పే మతంలో ఇదెలా సాధ్యమన్నది ఆయనను వేధించిన ప్రశ్న. వెళ్లేవారిలో కూడా అడపాదడపా వెళ్లేవారినీ క్రమం తప్పక వెళ్లేవారినీ వేరుచేసి చూస్తే రెండవ వర్గంలో ఆ దురభిమానం తక్కువగా తేలింది. దానితో అసలు విషయం మతం ఎంత ఉందన్నది కాదని, ఎందుకు ఉందన్నదని ఆయన గ్రహించాడు. 1967లో మైకేల్ రాస్‌తో కలిసి ప్రచురించిన వ్యాసంలో, బాహ్య ప్రేరణ ఉన్నవాడు మతాన్ని వాడుకుంటాడని, అంతర్గత ప్రేరణ ఉన్నవాడు మతంలోనే బతుకుతాడని తేల్చి చెప్పాడు. పరువు కోసమో పరిచయాల కోసమో భద్రత కోసమో చేసే భక్తి మొదటిది. తక్కిన కోరికలన్నింటినీ తన కింద సర్దుకునేలా చేసే భక్తి రెండవది.

మనశ్శాంతి విషయానికి వస్తే ముందుగా ఒక అంకె చెప్పాలి, ఎందుకంటే దీని గురించి రెండు పక్షాల వారూ అతిశయోక్తులు చెబుతుంటారు. 2003లో స్మిత్, మెకల్లా, పోల్ అనే ముగ్గురు పరిశోధకులు 147 అధ్యయనాలను, అంటే దాదాపు 99 వేల మందికి సంబంధించిన ఫలితాలను ఒకచోట చేర్చి, మతనిష్ఠకూ కుంగుబాటు లక్షణాలకూ మధ్య సహసంబంధాన్ని, అంటే అవి రెండూ ఎంతగా కలిసి మారతాయో మైనస్ 1 నుంచి ప్లస్ 1 దాకా చెప్పే అంకెను, లెక్కగట్టారు. అది మైనస్ 0.096 అని వచ్చింది. మతనిష్ఠ ఎక్కువగా ఉన్నవారిలో కుంగుబాటు కాస్త తక్కువే కాని, మనుషుల మధ్య కుంగుబాటులో కనిపించే తేడాలో ఇది వివరించగలిగింది నూటికి ఒక వంతు కూడా కాదన్నమాట. ఈ మధ్యనే కష్టాలలో పడినవారిలో మాత్రం ఆ సంబంధం మరింత బలంగా ఉంది. మీ ప్రశ్నకు అసలు పనికివచ్చేది దాని తరువాతి మాట: సగటున మేలు వైపు మొగ్గిన అదే లెక్కలో, బాహ్య ప్రేరణ ఉన్నవారిలోనూ, దేవుడు తనను శిక్షిస్తున్నాడన్న భావంతో కష్టాన్ని ఎదుర్కొనేవారిలోనూ కుంగుబాటు ఎక్కువగా ఉంది. కనుక భక్తి మంచిదా చెడ్డదా అని మొత్తంగా అడిగితే శాస్త్రం దగ్గర చాలా చిన్న జవాబే ఉంది. ఎలాంటి భక్తి అని అడిగితే చెప్పడానికి చాలా ఉంది.

అయితే మీ నాన్నగారిని బాహ్య ప్రేరణ గదిలో కూర్చోబెట్టడం నాకు న్యాయంగా తోచడం లేదు. ఆయన పరువు కోసం చేయడం లేదు, లాభం కోసమూ చేయడం లేదు. ఆయన విషయంలో ఆల్‌పోర్ట్‌కన్నా, ప్రేరణ గురించి పరిశోధించిన మనోవిజ్ఞాన వేత్త రిచర్డ్ రయన్ ఎక్కువ ఉపయోగపడతాడు. రయన్, రిగ్బీ, కింగ్ 1993లో క్రైస్తవ సమూహాలపై చేసిన అధ్యయనంలో, ఒక విశ్వాసం మనిషి లోపలికి రెండు రకాలుగా చేరుతుందని చూపారు. ఒకటి, నియమాన్ని ఆలోచించి, ఇష్టపడి, తనదిగా చేసుకోవడం. రెండవది, దానిని నమలకుండా మింగడం. అది లోపలే ఉంటుంది, కాని ఒంటికి పట్టదు. అలా మింగినవాడిని చేయకపోతే అపరాధ భావం, చేసినా సరిగా చేశానా అన్న అనుమానం నడిపిస్తాయి. బయట నుంచి బెత్తం పట్టుకున్నవారెవరూ లేకపోయినా బెత్తం లోపలే ఉంటుంది. తనదిగా చేసుకున్న విశ్వాసం మంచి మానసిక ఆరోగ్యంతోనూ, మింగిన విశ్వాసం ఆందోళన, కుంగుబాటు వంటి వాటితోనూ ముడిపడి కనిపించాయి. చేసే పూజలను బట్టి చూస్తే ఈ రెండు రకాల మనుషులనూ వేరుచేయలేము, మీ ఇంట్లో ఇద్దరినీ పూజను బట్టి వేరుచేయలేనట్టే.

స్వభావం సంగతి తరువాత రాస్తాను. అది విడిగా చెప్పవలసిన విషయం.

సమాధానం: పాత_పంచాంగం

అమ్మా, నేను పదవీ విరమణ చేసిన తెలుగు పండితుడిని. పై మిత్రులు చెప్పినదంతా శ్రద్ధగా చదివాను. ప్రేరణలోని ఈ భేదాన్ని కనిపెట్టడానికి 1967 దాకా ఆగనవసరం లేదని మాత్రం మనవి చేయాలనిపించింది. మీరు రాసిన అరటిదొప్ప దీపం వెనుక ఉన్న పోలి కథనే చూడండి. అత్తగారు తక్కిన కోడళ్లను వెంటబెట్టుకుని, నూనె, వత్తులు, పూజాసామగ్రి సమస్తమూ తీసుకుని నదికి వెళుతుంది. చిన్న కోడలు పోలికి ఇంట్లో ఏమీ దొరకకుండా చేసి వెళుతుంది. పోలి చెట్టు నుంచి రాలిన పత్తితో వత్తి చేసి, కవ్వానికి అంటిన వెన్న రాసి, దీపం వెలిగించి, ఎవరి కంటా పడకుండా దానిపై బుట్ట బోర్లిస్తుంది. విమానం వచ్చింది నది ఒడ్డుకు కాదు, ఆ బుట్ట ఉన్న ఇంటికి. నలుగురికీ కనిపించే దీపానికీ బుట్ట కింద దీపానికీ ఉన్న తేడాను మన ఆడవాళ్లు ప్రతి మార్గశిర శుద్ధ పాడ్యమి నాడూ రేవులో చెప్పుకుంటూనే ఉన్నారు. ఆ కథలో మీ నాన్నగారికి పనికివచ్చే ముక్క ఒకటుంది: పోలి పూజలో సామగ్రి లోపించింది, నది లేదు, మంత్రం లేదు, అయినా దోషం అంటలేదు.

రెండవది నా అభ్యంతరం. ఆల్‌పోర్ట్ అవసరం కోసం దేవుడిని ఆశ్రయించేవాడిని తక్కువ చేసినట్టు నాకు తోస్తున్నది. భగవద్గీత ఏడవ అధ్యాయం పదహారవ శ్లోకం భక్తులను నాలుగు రకాలుగా చెబుతుంది: ఆర్తుడు, జిజ్ఞాసువు, అర్థార్థి, జ్ఞాని. ఆపదలో మొరపెట్టుకునేవాడు, తెలుసుకోగోరేవాడు, సంపద కోరేవాడు, తెలిసినవాడు. జ్ఞానికి పెద్దపీట వేస్తూనే, రెండు శ్లోకాల తరువాత ఈ నలుగురూ ఉదారులేనని అంటుంది. బిడ్డకు జ్వరం వస్తే మొక్కుకునే తల్లిని బాహ్య ప్రేరణ అని ఒక పెట్టెలో వేసి, ఆమె భక్తి రెండవ రకమని ముద్ర వేసే కొలత మన సంగతి సగమే చూసినట్టు. మొసలి నోట చిక్కి, బలమంతా ఉడిగి, దేవుడున్నాడో లేడోనని సందేహించి, ఆ సందేహంలోంచే పిలిచిన గజేంద్రుడిని మనం ఎవరికన్నా తక్కువ భక్తుడని ఎన్నడూ అనుకోలేదు.

ఇంకొక్క మాట, ఇది బహుశా అన్నింటికన్నా ముఖ్యం. మీ అత్తయ్యగారు రేవుకు ఒంటరిగా వెళతారా, పదిమందితో వెళతారా? మీ నాన్నగారు ఎవరితోనైనా కూర్చుని పురాణం వింటారా, లేక తలుపు వేసుకుని చేసుకుంటారా?

సమాధానం: మనోవిజ్ఞాన_బోధకుడు

పండితులవారి అభ్యంతరాన్ని చాలావరకు అంగీకరిస్తున్నాను. ఆల్‌పోర్ట్, రాస్ ప్రశ్నావళిలో 20 వాక్యాలు ఉన్నాయి, అంతర్గత ప్రేరణకు 9, బాహ్య ప్రేరణకు 11. రెండింటికీ అవునన్నవారు చాలామంది తేలడంతో వారికోసం మరో వర్గాన్నే కల్పించవలసి వచ్చింది, వారిని ఆలోచన లేకుండా అన్నింటికీ తలూపేవారిగా చూశారు. మన దగ్గర అదే ప్రశ్నావళి ఇస్తే సగం ఊరు అందులోనే చేరుతుందని నా అనుభవం. గుడికి దేవుడి కోసం వెళతారా, బంధువులను కలవడానికి వెళతారా అని అడిగితే, రెండింటికీ అని చెప్పే మనిషి గందరగోళంలో లేడు, నిజమే చెబుతున్నాడు. వ్యక్తి ఒంటరిగా దేవుడి ముందు నిలబడటమే అసలైన మతమనే ప్రొటెస్టెంట్ భావన ఆ కొలతలో కలిసిపోయిందని ఈ రంగంలోనే కొందరు తరువాత విమర్శించారు.

తోడు గురించి ఆయన అడిగిన ప్రశ్న కూడా సరైనదే. అమెరికాలో లిమ్, పట్నమ్ 2010లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, క్రమం తప్పకుండా ప్రార్థనకు వెళ్లేవారి జీవిత సంతృప్తి చాలావరకు అక్కడ వారికున్న స్నేహితుల నుంచి వస్తున్నది. అక్కడ స్నేహితులు లేకుండా వెళ్లేవారికి ఆ లాభం పెద్దగా కనిపించలేదు. మన దేశంలో ఇంకా దగ్గరి ఉదాహరణ ప్రయాగలో జరిగే మాఘమేళా. అక్కడ కల్పవాసులు నెల రోజులు గంగ ఒడ్డున గుడారాలలో, గడ్డకట్టే చలిలో, తెల్లవారుజాము స్నానాలతో, నిరంతరం మోగే మైకుల హోరులో ఉంటారు. అంత ఇబ్బంది పడినవారి ఆరోగ్యం క్షీణించాలని ఎవరికైనా తోస్తుంది. భారత, బ్రిటిష్ పరిశోధకులు నాలుగు వందలకు పైగా యాత్రికులను మేళాకు ముందు ఒకసారి, ఇంటికి చేరిన తరువాత మరొకసారి పలకరించి, వెళ్లనివారితో పోల్చి 2012లో ఫలితాలు ప్రచురించారు. వెళ్లివచ్చినవారే తమ శరీర, మానసిక స్థితి మెరుగుపడిందని చెప్పారు. ఒకే సంకల్పంతో వచ్చిన మనుషుల మధ్య ఉండటం, ఒకరి కష్టం మరొకరికి చెప్పకుండానే తెలియడం ఇందులో పెద్ద పాత్ర వహించాయని అదే పరిశోధక బృందం తరువాతి పనిలో వాదించింది.

ఇక స్వభావం. మనిషి స్వభావాన్ని ఐదు ప్రధాన గుణాలతో కొలిచే ఐదు కారకాల మూర్తిమత్వ సిద్ధాంతం మీకు తెలిసే ఉంటుంది. 2002లో వాసిలిస్ సరోగ్లూ అప్పటి వరకు వచ్చిన అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, మతనిష్ఠకు నిలకడగా తోడున్న గుణాలు రెండని తేలింది: కలుపుగోలుతనం, బాధ్యతగా క్రమపద్ధతిలో నడుచుకునే గుణం. ఉద్వేగ అస్థిరతకు మొత్తం మీద మతనిష్ఠతో చెప్పుకోదగ్గ సంబంధం లేదు. అంటే ఆందోళన పడే మనుషులే ఎక్కువగా దేవుడిని పట్టుకుంటారన్న మాటకు ఆధారం బలంగా లేదు. ఇక్కడ ఒక చిక్కు ఉంది: బాధ్యతగా ఉండేవారు, నలుగురితో కలిసిపోయేవారు మతంతో పని లేకుండానే కొంత మెరుగైన జీవితం గడుపుతారు. కాబట్టి భక్తులలో కనిపించే మనశ్శాంతిలో కొంత వాటా ఆ గుణాలదే కావచ్చు.

మీ ఇంటికి మరీ దగ్గరగా వచ్చే పరిశోధన ఇంకొకటి ఉంది. కాలిఫోర్నియాలో 1920ల నుంచి టెర్మన్ అనే మనోవిజ్ఞాన వేత్త తెలివైన పిల్లలను ఎంపిక చేసి దశాబ్దాల పాటు గమనించాడు. ఆ వివరాలను మెకల్లా బృందం 2003లో మళ్లీ పరిశీలించింది. కౌమారంలో బాధ్యతగా ఉన్న పిల్లలు పందొమ్మిదేళ్ల తరువాత మతం వైపు మరింత మొగ్గారు. మతవాతావరణం గట్టిగా ఉన్న ఇళ్లలో పెరిగిన పిల్లలలో, ఉద్వేగ స్థిరత్వం తక్కువగా ఉన్నవారిపై ఆ పెంపకం ముద్ర మరింత లోతుగా పడింది. అంటే స్వభావమూ ప్రేరణా విడివిడిగా పనిచేసేవి కావు. బెదిరే స్వభావం ఉన్న పిల్లవాడు పెద్దలు చెప్పినదాన్ని నమలకుండా మింగే అవకాశం ఎక్కువని దీన్నిబట్టి నేను ఊహిస్తున్నాను. ఊహే సుమా, ఆ అధ్యయనం అంత దూరం వెళ్లలేదు.

సమాధానం: చికిత్సా_నిపుణురాలు

నేను మానసిక చికిత్స రంగంలో ఉన్నాను. పై చర్చ బాగుంది, కాని నాకు కలవరం కలిగించినవి మీ ప్రశ్నలోని రెండు వివరాలు: పూజను నాలుగుసార్లు మొదటి నుంచి చేయడం, మూడు రాత్రులు నిద్ర లేకపోవడం. మనిషిని చూడకుండా రోగం పేరు చెప్పను. అయితే తప్పు జరిగిందేమోనన్న అనుమానం, దాన్ని పోగొట్టుకోవడానికి చేసిన పనినే మళ్లీ చేయడం, కాసేపు ఊరట, మళ్లీ అదే అనుమానం అన్న చక్రం ఉంటే, అది భక్తి పరిమాణానికి సంబంధించిన విషయం కాదు. చేతులు కడిగిందే కడిగే వ్యాధి ఒకరిలో మురికి చుట్టూ తిరిగితే మరొకరిలో పాపం చుట్టూ, మడి చుట్టూ, మంత్రోచ్చారణ చుట్టూ తిరుగుతుంది. దీనికి మంచి చికిత్స ఉంది, మందులు ఉన్నాయి, ఆ చికిత్సలో దేవుడిని వదులుకోమని ఎవరూ చెప్పరు.

కుటుంబ సభ్యులు ప్రేమతో చేసే ఒక పని ఇక్కడ ఎదురు తిరుగుతుంది. గోత్రం సరిగానే పలికారు నాన్నా అని రోజుకు పదిసార్లు ధైర్యం చెబితే, ఆ ధైర్యం కూడా చక్రంలో ఒక ఆకుగా మారిపోతుంది. మొదటిసారి చెప్పండి, తరువాత జవాబు చెప్పకుండా పక్కన కూర్చోండి. పూజ మానమని మాత్రం అనకండి. ఒక్కసారే చేసి లేవడం లక్ష్యం కావాలి, మీ ఇంటి పురోహితులు నమ్మకస్తులైతే ఆ మాట ఆయన నోట చెప్పించండి. దోషం జరిగినా ఒక్క క్షమాప్రార్థనతో పూజ పూర్తవుతుందని ఆయనకు మనకన్నా బాగా తెలుసు.

దేవుడు తనపై కోపంగా ఉన్నాడన్న భావాన్ని తేలికగా తీసుకోకూడదని చెప్పడానికి ఒక కారణం ఉంది. కెన్నెత్ పార్గమెంట్ బృందం 55 ఏళ్లు దాటిన దాదాపు 600 మంది ఆసుపత్రి రోగులను రెండేళ్లు గమనించి 2001లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, దేవుడు తమను వదిలేశాడని, శిక్షిస్తున్నాడని బాధపడినవారిలో మరణాలు కొంత ఎక్కువగా ఉన్నాయి. తరువాతి పరిశీలనలో ఆ బాధ వచ్చి పోయినవారికన్నా, రెండేళ్ల తరువాత కూడా అందులోనే ఉండిపోయినవారి పరిస్థితి దిగజారిందని తేలింది. దేవుడితో పేచీ రావడం ప్రమాదం కాదు, మాట రాక లోపలే గడ్డకట్టడం ప్రమాదం. గోల్కొండ చెరసాలలో కంచర్ల గోపన్న రాముడికి చేయించిన నగల లెక్కలన్నీ ఏకరువు పెట్టి నిలదీసి, వెంటనే తిట్టానని కోపగించుకోవద్దని వేడుకున్నాడు. ఆ కోపాన్ని మనం మూడు వందల ఏళ్లుగా భక్తిగానే పాడుకుంటున్నాం. దీపం కొండెక్కితే ఏమవుతుందని భయమో మీ నాన్నగారిని ఎప్పుడైనా ఎవరైనా అడిగారా?

నిద్ర లేమి కొనసాగితే ఆలస్యం చేయకండి. దగ్గరలో మానసిక వైద్యులు దొరకకపోతే ప్రభుత్వ టెలీ మానస్ సేవ 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ప్రశ్న అడిగినవారు: గోదావరి_పంతులమ్మ

అందరికీ కృతజ్ఞతలు. పండితులవారు అడిగినదానికి జవాబు: అత్తయ్య మా వీధి ఆడవాళ్లు ఎనిమిది మందితో కలిసి వెళుతుంది, తిరుగు దారిలో వాళ్ల మాటలు మా ఇంటి మలుపు దాకా వినిపిస్తాయి. నాన్నగారు వాళ్లకన్నా గంట ముందే ఒంటరిగా వెళతారు, ఎవరైనా తాకితే మడి పోతుందని.

నిన్న రాత్రి భోజనం అయ్యాక నాన్నగారిని అడిగాను. చాలాసేపు ఏమీ చెప్పలేదు. తరువాత చెప్పారు. ఆయనకు తొమ్మిదేళ్లప్పుడు కార్తీకంలో వాళ్ల నాయనమ్మ ఆయన చేతికి దీపం ఇచ్చి నీళ్లలో వదలమన్నదట. చెయ్యి వణికి దీపం ఒడ్డునే ఆరిపోయింది. ఆ సంక్రాంతి లోపల నాయనమ్మ పోయింది. శవం దగ్గర కూర్చున్న ఒక పెద్దావిడ, ఆనాడు పిల్లవాడి చేతిలో దీపం ఆరినప్పుడే అనుకున్నానని అందట. ఆ మాట ఆయన 62 ఏళ్లుగా ఎవరికీ చెప్పలేదు. అదే ఇంట్లో, అదే వారంలో అత్తయ్య కూడా ఉంది. ఆమెకు అప్పటికి పద్నాలుగేళ్లు. ఆ పెద్దావిడ మాట ఆమె కూడా విన్నదట. నేను అడిగితే, ఆవిడ అట్లాగే అంటూండేది, పట్టించుకోలేదు అంది.

మానసిక వైద్యుల దగ్గర వచ్చే గురువారానికి సమయం తీసుకున్నాను. నాన్నగారు వస్తానన్నారు, అత్తయ్య కూడా తోడు రావాలని అడిగారు.

సమాధానం: చికిత్సా_నిపుణురాలు

అత్తయ్యగారిని తప్పకుండా తీసుకువెళ్లండి. నాన్నగారు ఆ సంగతి తన మాటల్లోనే వైద్యులకు చెప్పేలా చూడండి, ఆయన తడబడినా మధ్యలో మీరు అందుకుని పూర్తిచేయకండి. పూజ ఏ రోజు ఎన్నిసార్లు మళ్లీ మొదలుపెట్టారో ఈ వారం రోజులదీ ఒక కాగితం మీద రాసి ఉంచితే మొదటి పరీక్షలో చాలా ఉపయోగపడుతుంది.